మేడ మీద రైలుకట్ట
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

(దక్షిణ మధ్య రైల్వేలో పట్టాల బాగోగులు చూసే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, తెనాలిలో తన మేడ మీది గదిలో మోడల్ రైల్వే కట్టుకున్న రచయిత ఈ శీర్షిక నిర్వహిస్తున్నారు. ఇంట్లో చిన్న రైలు వేసుకోవాలనుకునే పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఆయన జవాబులివి.)

మా తమ్ముడు అమెరికా నుంచి వస్తూ మా అబ్బాయికి హెచ్‌ఓ (అసలు రైలుకు 87వ వంతు సైజు) రైలు సెట్టు తెచ్చాడు. దాని ప్లగ్గు మన సాకెట్లో పట్టడం లేదు. పిన్ను మార్చే కన్వర్టరు కొని పెట్టెయ్యవచ్చా?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

ఉత్తరాల కట్టలోంచి మీదే ముందు పైకి తీశాను. కాస్త ఆగండమ్మా. అడాప్టరు వెనకాల సన్న అక్షరాలుంటాయి, అవి చదివాకే గోడకు పెట్టండి. ‘ఇన్‌పుట్ 100–240 వోల్టులు’ అని ఉంటే మీరన్న కన్వర్టరు చాలు. ‘120 వోల్టులు, 60 హెర్ట్జ్’ అని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల కరెంటుకు అది తట్టుకోలేదు. వేడెక్కి కాలిపోతుంది, కంట్రోలరును కూడా తీసుకుపోవచ్చు. మీరు కొందామనుకుంటున్న కన్వర్టరు పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీ జోలికి పోదు. జపాన్ నుంచి తెచ్చిన సెట్లతోనూ ఇదే పేచీ, అక్కడ ఇంటి కరెంటు 100 వోల్టులే.

దారులు రెండున్నాయి. 230 నుంచి 110కి దించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోవడం ఒకటి. రెండోది, నాకు నచ్చేది: మంచి కంపెనీ 12 వోల్టుల డీసీ అడాప్టరు (2 ఆంపియర్లది చాలు), మోటారు వేగం తగ్గించి పెంచే పీడబ్ల్యూఎం కంట్రోలరు, ముందుకూ వెనక్కూ నడపడానికి ఒక డీపీడీటీ స్విచ్చి. మీరు హైదరాబాదులోనే ఉన్నారు కాబట్టి కోఠి గుజరాతీ గల్లీకి వెళితే మూడూ ఒకే వరసలో దొరుకుతాయి. మామూలు అనలాగ్ సెట్టు 12 వోల్టుల డీసీ మీద నడుస్తుంది, ప్లస్సు మైనస్సు తారుమారు చేస్తే ఇంజిన్ వెనక్కి పోతుంది. ఉన్న రహస్యమల్లా అంతే. ఎవరో వీడియోలో చూపించారని ఇంటి కరెంటుకు నేరుగా డయోడ్లు తగిలించి పట్టాలకు ఇవ్వడం మాత్రం వద్దే వద్దు. పిల్లవాడు చేత్తో పట్టుకునే పట్టాలవి.

10 అడుగులు పొడవు, 10 అడుగులు వెడల్పు గది ఒకటి ఖాళీగా ఉంది. హెచ్‌ఓ వెయ్యాలా, ఎన్ వెయ్యాలా? 22 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టెల ఎక్స్‌ప్రెస్ పూర్తిగా నడపాలని నా కోరిక.
— ఒక పాఠకుడు, నెల్లూరు

కోరికను ముందు టేపుతో కొలుద్దాం. హెచ్‌ఓ అంటే 1:87. అసలు రైల్లో 87 అడుగులు ఇక్కడ ఒక్క అడుగు. ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23.54 మీటర్లు, కాబట్టి హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. 22 పెట్టెలూ, ముందు ఒక డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ (అది 23.6 సెం.మీ.) కలిస్తే 6 మీటర్లు దాటిపోతుంది. 20 అడుగుల పైమాట. మీ గది గోడ 10 అడుగులు. రైలు నిలబడటానికే రెండు గోడలు పోతే, ఇక అది ఎక్కణ్ణుంచి బయల్దేరి ఎక్కడికి వెళుతుంది? ఎన్ స్కేలు 1:160. అందులో అదే రైలు 3.4 మీటర్లు, 11 అడుగులు. గది చుట్టూ తిప్పితే తన తోకను తాను పట్టుకోకుండా తిరుగుతుంది, బాగానే ఉంటుంది.

పొడవైన రైలే ముఖ్యమనుకుంటే ఎన్ తీసుకోండి. నేను మాత్రం హెచ్‌ఓ మనిషిని. మొదటి కారణం కళ్లు. ఎన్‌లో రెండు పెట్టెల మధ్య కప్లింగ్ తగిలించాలంటే నాకు భూతద్దం, మా ఆవిడ సాయం రెండూ కావాలి. రెండో కారణం, మన రైల్వే ఇంజిన్లూ పెట్టెలూ తయారుగా గానీ, త్రీడీ ప్రింటు బాడీలుగా గానీ దొరికేవి ఎక్కువగా హెచ్‌ఓలోనే. ఎన్‌లో అయితే జపాన్ వాళ్లవో జర్మనీ వాళ్లవో నడుపుకోవాల్సి వస్తుంది. అందులో తప్పేం లేదు గానీ, గోడ మీద గూడూరు జంక్షన్ బోర్డు పెట్టి ముందునుంచి జపాన్ బుల్లెట్ రైలు షింకన్‌సెన్ పోతుంటే నాకు మనసొప్పదు.

వంపుల దగ్గర అందరూ బోల్తా పడతారు. మన బ్రాడ్‌గేజ్‌లో అనుమతించే అతి పదునైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్థం. హెచ్‌ఓలో అది 2 మీటర్లు. ఒక్క అర్ధచక్రం తిప్పడానికే 13 అడుగుల వెడల్పు కావాలి! అంత చోటు ఎవరింట్లోనూ ఉండదు కాబట్టి అందరం అబద్ధమే ఆడతాం, ఎంత చిన్న అబద్ధం ఆడాలన్నదే లెక్క. సెట్లతో వచ్చే 18 అంగుళాల వ్యాసార్థం గూడ్స్ వ్యాగన్లకు సరిపోతుంది. బాక్స్‌ఎన్ వ్యాగను 12 సెంటీమీటర్లే కనుక హాయిగా తిరుగుతుంది. పాత రకం ఐసీఎఫ్ పెట్టెకు (24.5 సెం.మీ.) 22 అంగుళాలు, ఎల్‌హెచ్‌బీకి 24 అంగుళాలకు తగ్గకుండా చూడండి. 30 ఇవ్వగలిగితే కంటికి ఇంకా బాగుంటుంది. ఎన్‌లో 11 అంగుళాలతో నడుస్తుంది, 12 దాటితే మంచిది.

గది మధ్యలో మంచంలాంటి బల్ల వెయ్యకండి. నాలుగు గోడల వెంబడి ఒకటిన్నర, రెండు అడుగుల వెడల్పు అరలు కట్టి, గుమ్మం దగ్గర ఎత్తి పక్కన పెట్టుకునే పలక అమర్చండి. వంపులు పెద్దవవుతాయి, మీరు మధ్యలో నిలబడతారు, రైలు మీ చుట్టూ తిరుగుతుంది. రెండున్నర అడుగులు దాటి చెయ్యి అందదు. పడిపోయే పెట్టె ఎప్పుడూ చెయ్యి అందని మూలలోనే పడుతుంది.

గేజ్ సంగతి చెప్పకపోతే నా పాత ఉద్యోగానికి ద్రోహం చేసినట్టే. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19 మి.మీ. పైన వస్తుంది. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అంటే ఐరోపా, అమెరికాల్లో వాడే 1435 మి.మీ. గేజ్‌కు సరిపోయేది. సర్వీసులో గేజ్ కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే పట్టాల కూలీల మేస్త్రి గ్యాంగ్‌మేట్‌ను పిలిపించి అడిగేవాణ్ణి. ఇప్పుడు నా మేడ మీద 241 మి.మీ. తక్కువ గేజ్ మీద రైళ్లు నడుస్తున్నాయి, ఎవరికీ రిపోర్టు రాయడం లేదు. పక్కనుంచి చూస్తే తేడా తెలియదు. ఎదురుగా చూస్తేనే ఇంజిన్ కాళ్లు దగ్గరకు పెట్టుకున్నట్టుంటుంది.

ఏదైనా కొనేముందు వీలైతే పుణే వెళ్లి రండి. కోత్రూడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు. అదంతా హెచ్‌ఓనే. బంధువులెవరైనా జర్మనీలో ఉంటే హాంబుర్గ్‌లోని మినియాటూర్ వుండర్‌లాండ్ చూసి రమ్మనండి, వచ్చాక వాళ్లే మీకు పట్టాలు కొనిపెడతారు.

మా వడ్రంగి ఎండీఎఫ్ బోర్డు నున్నగా ఉంటుంది, అదే వేద్దామంటున్నాడు. మాది సముద్రానికి దగ్గరిల్లు.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

వద్దనండి. మీ ఊరి ఉక్కకు ఎండీఎఫ్ అంచులు ఉబ్బుతాయి, మధ్యలో కుంగుతుంది. పై పట్టా ఎంత సరిగ్గా వేసినా కింద కట్ట కదిలితే ఏం లాభం? 9 లేక 12 మి.మీ. ప్లైవుడ్ తీసుకోండి, నీటికి తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం చాలు. కింద ఒకటిన్నర అడుక్కి ఒకటి చొప్పున అడ్డకర్రలు ఉండాలి. పైనా కిందా అంచులతో సహా రెండు పూతలు రంగు వేయించండి. వడ్రంగులు కింద వైపు వదిలేస్తారు, తేమ ఎక్కేది అక్కణ్ణుంచే. కాళ్లు నేరుగా నేలకు తగలకుండా రబ్బరు బుడిపెలు వేస్తే చెదలు అంత తేలిగ్గా పైకి రావు.

పట్టాలు పరిచేటప్పుడు మీటరుకో చోట గోరు సందంత ఖాళీ వదలండి. 3 మీటర్ల పట్టా చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. చెక్క తేమకు ఇంకా ఎక్కువ కదులుతుంది. సందు లేకపోతే మే నెలలో పట్టా పక్కకు పాములా వంకర తిరుగుతుంది. అసలు లైను మీద ఆ వంకర చూసినవాణ్ణి కనుక చెబుతున్నాను.

కంట్రోలరు దగ్గర ఇంజిన్ పరుగెడుతుంది. అవతలి మూలకు వెళ్లేసరికి నత్తనడక, ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. ఇంజిన్ మార్చాలా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

ఇంజిన్‌ను ఏమీ అనకండి. నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి సగం ఇంజిన్‌ను తిట్టేవే, తప్పు మాత్రం పట్టాలదే. మీరు కరెంటు ఒకే చోట ఇచ్చారు. అక్కణ్ణుంచి అది పట్టా నుంచి పట్టాకు జాయినర్ల గుండా పోవాలి. ఆ రేకు జాయినర్లు కొన్నాళ్లకు వదులవుతాయి, లోపల మకిలి పడుతుంది. ప్రతి అతుకు దగ్గరా కాస్త కాస్త వోల్టేజీ తగ్గుతూ పోతుంది. మల్టీమీటరు ఉంటే రైలు నడుస్తుండగా రెండు చోట్లా కొలిచి చూడండి, తేడా మీకే కనబడుతుంది.

మందు ఇది. బల్ల కింద లేఅవుట్ పొడవునా రెండు ఇంటి వైర్లు, 1.5 చదరపు మి.మీ.వి, లాగండి. ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ప్రతి మూడడుగులకూ వాటి నుంచి సన్న వైర్లు పైకి తీసి రెండు పట్టాలకూ టంకం పెట్టండి. ఎరుపెప్పుడూ లోపలి పట్టాకే, నలుపెప్పుడూ బయటి పట్టాకే. ఒక్కచోట తారుమారైనా మొత్తం షార్ట్ అవుతుంది.

టంకం పెట్టడం చేతికి రావాలి, అంతే. పట్టా బయటి పక్కను, చక్రం అంచు తగలని వైపు, అడుగు భాగాన్ని సన్న ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్దండి. సూదిమొనంత ఫ్లక్స్ రాయండి. వైరు చివర ఒలిచి ముందే దానికి లెడ్ పట్టించి, ఎల్ ఆకారంలో వంచి పట్టాకు ఆనించండి. ఆ చోటుకు రెండు పక్కలా తడి దూది పెట్టండి, లేకపోతే ప్లాస్టిక్ స్లీపర్లు (పట్టాల కింది అడ్డదిమ్మలు) కరిగి పట్టా వదిలేస్తాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ బాగా వేడెక్కాక రెండు మూడు సెకన్లు ఆనించి తీసెయ్యండి. లెడ్ మెరుస్తూ పాకితే అతికింది. మసకగా ముద్ద కట్టి నిలబడితే అతకలేదు, మళ్లీ చెయ్యండి. ఈ పని విసుగే. కానీ ఇంజిన్ మీద పెట్టే డబ్బులో సగం, ఇంజిన్ మీద పెట్టే మనసులో ముప్పాతిక పట్టాల మీద పెట్టినవాళ్ల రైళ్లే నడుస్తాయి.

ఇంకోమాట. పాత సెట్లో ఇత్తడి పట్టాలు వచ్చి ఉంటే వాటిని పక్కన పెట్టెయ్యండి. ఇత్తడి మీద పట్టే చిలుము కరెంటును ఆపేస్తుంది. నికెల్ సిల్వర్ పట్టాలు ఆ బాధ తక్కువ పెడతాయి.

మాది గోదావరి ఒడ్డు. మా లేఅవుట్లో ఆర్చ్ బ్రిడ్జి లేకపోతే రైలు వేసినట్టే కాదని ఇంట్లో అందరి మాట. ఎలా కట్టాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

మీ ఇంట్లో వాళ్ల మాటే నా మాట. 1997లో రైళ్లు నడవడం మొదలైన ఆ వంతెనకు 28 ఆర్చీలు, ఒక్కొక్కటి 97.55 మీటర్లు. మొత్తం 2.7 కిలోమీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో అంతా కట్టాలంటే 31 మీటర్లకు పైన, మీ వీధి చివరిదాకా వస్తుంది. ఒక్క ఆర్చీయే 112 సెంటీమీటర్లు. ఎన్‌లో 61.

కాబట్టి తగ్గించాలి. సంఖ్య తగ్గించండి, ఆకారం తగ్గించకండి. చాలామంది ఆరేడు బుల్లి ఆర్చీలు పేరుస్తారు. చూస్తే ఏదో కాలవ మీది తూములా ఉంటుంది. ఆ వంతెన గొప్పంతా ఒక్కో ఆర్చీ విశాలంలో ఉంది. ఎల్‌హెచ్‌బీ పెట్టెలు నాలుగు ఒక ఆర్చీ కిందికి వస్తాయి, ఫొటోలో లెక్కపెట్టి చూడండి. హెచ్‌ఓలో ఆ నాలుగుకు బదులు మూడు పెట్టెలు పట్టేలా 80 సెం.మీ. చొప్పున మూడు ఆర్చీలు వేస్తే 8 అడుగులు. కన్ను ఒప్పుకుంటుంది. ఎన్ వేసేవాళ్లు అసలు కొలతతోనే మూడు కడితే 6 అడుగుల్లో అయిపోతుంది.

ఆర్చీ ఎత్తు ఎంతన్నది కూడా ఫొటో నుంచే తియ్యండి. ఒడ్డు నుంచి సూటిగా పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి సంపాదించండి, రైలు దాని మీద ఉండగా తీసింది. పెట్టె పొడవు 23.54 మీటర్లని తెలుసు కదా, అదే మీ కొలబద్ద. ప్రింటు తీసి స్కేలుతో కొలిచి, మీ లెక్కకు తగ్గించి, ఒక అట్ట మీద సగం ఆర్చీ గీసి మడత పెట్టి కత్తిరించండి. రెండు పక్కలూ సమానంగా వస్తాయి. ఆ అట్టను లేజర్ కటింగ్ వాళ్ల దగ్గరికి తీసుకెళితే 4 మి.మీ. ప్లైలో ఎన్ని కావాలంటే అన్ని కోసిస్తారు. పక్కకు మూడు చొప్పున కలిపి అతికిస్తే 12 మి.మీ. మందం వస్తుంది. పైన నుంచి కిందికి వేలాడే కడ్డీలకు సైకిలు చువ్వలు వాడండి. 2 మి.మీ. మందం, వంగవు, చవక. రంగు వేసేముందు పుట్టీ పట్టి నున్నగా రుద్దండి, ఆ వంతెన కాంక్రీటుది, చెక్క ఈనెలు కనిపించకూడదు. పట్టా మాత్రం ఆర్చీల మీద ఆధారపడకూడదు. కింద ఒక అల్యూమినియం చానెల్ వేసి బరువంతా దానికే అప్పజెప్పండి. ఆర్చీ అందానికే. లైను ఒక్కటే సుమా, డబుల్ లైను వేసి ఊరివాళ్ల చేత మాటపడకండి.

నీళ్లు. ఎపాక్సీ రెసిన్ పొయ్యమని అందరూ చెబుతారు. ఖర్చు, వాసన, పైగా బల్ల ఏమాత్రం వాలుగా ఉన్నా నదంతా ఓ పక్కకు చేరుతుంది. నా సలహా ఏప్రిల్, మే నెలల గోదావరి కట్టమని. సగం ఇసుక తిన్నెలు, మధ్య మధ్య పాయలు. ఇసుక అసలుదే జల్లెడ పట్టి జల్లవచ్చు. పాయల చోట ప్లైవుడ్‌కు నీలం వెయ్యకండి. మధ్యలో ముదురు ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు, అంచులకు ఇసుక రంగు వేసి, ఆరాక మెరిసే వార్నిష్ నాలుగైదు పూతలు ఇవ్వండి. వరద గోదారే కావాలంటే ఎర్రమట్టి రంగు, ఒడ్డు నుంచి ఒడ్డు దాకా. పని ఇంకా తేలిక.

ఆర్చీలు మన వల్ల కాదనుకునేవాళ్లకు పక్కనే 1900 నాటి హేవలాక్ వంతెన ఉండనే ఉంది. 56 స్పానులు, ఒక్కోటి 45.7 మీటర్లు, హెచ్‌ఓలో 52 సెంటీమీటర్లు. ఇనుప గర్డర్లు, ఒకటి చేస్తే మిగతావన్నీ దాని నకళ్లే. 1997లో దాని మీద రైళ్లు ఆపేశారు. ఆవిరి ఇంజిన్ల కాలం కట్టుకునేవాళ్లకు అదే సరైన వంతెన.

లూపు వేసి రైలును వెనక్కి తిప్పి అదే లైనులో కలిపాను. కంట్రోలరులో ఎర్ర లైటు వెలుగుతోంది, ఏదీ కదలడం లేదు.
— ఒక పాఠకుడు, గుంతకల్లు

షార్ట్. వేలు పెట్టి ఒక పట్టా వెంట నడిపించి చూడండి. చుట్టు తిరిగి వచ్చి ఎదుటి పట్టాకే తగులుతుంది. ప్లస్సూ మైనస్సూ కలిసిపోయాయి. లూపు రెండు చివర్లలోనూ రెండేసి పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు వేసి విడదీయండి. ఆ ముక్క మీ అతి పెద్ద రైలు కంటే పొడవుండాలి. దానికి వేరే డీపీడీటీ స్విచ్చి పెట్టి, రైలు లూపులో ఉండగా మెయిన్ లైను దిశ మార్చి వదలాలి. డీసీసీ (ఇంజిన్లకు పట్టాల గుండా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతి) వాడేవాళ్లకు ఆ పని తనంత తానే చేసే ఆటో రివర్సర్లు దొరుకుతాయి.

డీసీసీ లేకుండా మొదలుపెట్టడం దండగ అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

కాదు. ఒక లైను మీద ఒక రైలు నడిపేవాళ్లకు మామూలు డీసీ చాలు. ఒకే పట్టా మీద రెండు ఇంజిన్లను వేర్వేరుగా నడపాలన్నా, హారన్ మోగించాలన్నా డీసీసీ. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, ప్రతి ఇంజిన్‌లోని డీకోడరు తన నంబరుకు వచ్చిన ఆజ్ఞనే వింటుంది. కొత్త డీకోడర్లన్నీ 3వ నంబరుతో వస్తాయి. మార్చకపోతే రెండు ఇంజిన్లూ కలిసి బయల్దేరతాయి. పైన హనుమకొండ వారికి చెప్పినట్టు వైరింగ్ చేసి పెట్టుకుంటే తర్వాత ఎప్పుడైనా మారవచ్చు.

తాతగారూ, నేను తొమ్మిదో తరగతి. పట్టాల మధ్య కంకర ప్యాకెట్టు చాలా ఖరీదుంది. ఇంట్లో దొరికే వాటితో చేసుకోవచ్చా?
— ఒక విద్యార్థి, ఖమ్మం

భేషుగ్గా చేసుకోవచ్చు బాబూ. నేనూ కొనను. లైను మీద వేసే కంకర 65 మి.మీ. సైజు మొదలుకుని కిందికి ఉంటుంది. 87తో భాగించు, ముప్పావు మిల్లీమీటరు. అంటే మీ వీధిలో ఇల్లు కడుతున్న చోట ఉండే రోబో శాండ్‌లో నీకు కావలసిన కంకర ఉంది. అడిగి గ్లాసుడు తెచ్చుకో. నీళ్లలో రెండు మూడుసార్లు కడిగి, ఎండబెట్టు. టీ వడకట్టే జల్లెడలో పొయ్యి, పైన మిగిలింది పారెయ్. కిందికి దిగినదాన్ని పిండి జల్లెడలో వేసి దులుపు, ఈసారి కిందికి దిగిన దుమ్ము పారెయ్. మధ్యలో మిగిలిందే కంకర. దాని మీద ఒక అయస్కాంతం రెండుసార్లు తిప్పు. ఇనుప రజను ఉంటే ఇంజిన్ మోటారులోకి పాకుతుంది, ఇది మరిచిపోకు.

పట్టాల మధ్య చెంచాతో పోసి, మెత్తని బ్రష్షుతో స్లీపర్ల పైన ఏమీ లేకుండా సర్దు. సర్దడంలోనే అందమంతా, తొందరపడకు. తర్వాత నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క వేసి స్ప్రే బాటిల్‌తో దూరం నుంచి మంచులా తడుపు. సబ్బు లేకపోతే జిగురు చుక్క కంకర మీద ముత్యంలా నిలబడి దొర్లుతుంది, లోపలికి దిగదు. తెల్ల ఫెవికాల్ ఒక వంతుకు మూడు వంతుల నీళ్లు కలిపి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా వెయ్యి. తెల్లగా పాలలా కనిపిస్తుంది, భయపడకు, రాత్రికి ఆరిపోయి కనిపించదు. పాయింట్ల దగ్గర, అంటే రైలు లైను మారే చోట, కదిలే పట్టాల వైపు జిగురు పోనివ్వకు.

పొదలకు బీరకాయ పీచు, ఆకుపచ్చ రంగు పట్టించిన రంపపు పొట్టు వాడు. నేలకు వాడేసిన టీ పొడి బాగుంటుంది గానీ పూర్తిగా ఎండాలి, లేకపోతే బూజు పడుతుంది. రవ్వ, గసగసాలు వాడమని ఎవరైనా చెబితే వినకు, చీమలకు విందు. థర్మోకోల్ కొండ మీద స్ప్రే పెయింట్ కొట్టకు, కరిగిపోతుంది. వాటర్ కలరే వెయ్యి. వార్షిక పరీక్షలు అయ్యాకే మొదలుపెట్టు.

మా ఆయన హాలంతా ఆక్రమించారు. చుట్టాలొస్తే కూర్చోబెట్టే చోటు లేదు. మీలాంటివాళ్లు రాసి చెడగొడుతున్నారు.
— ఒక పాఠకురాలు, గుంటూరు

క్షమించాలమ్మా. ఈ భాగం ఆయనకు చదివి వినిపించండి. అయ్యా, అలన్ రైట్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన ‘ఇంగిల్‌నుక్’ అనే షంటింగ్ (వ్యాగన్లను అటూ ఇటూ జరిపి వరస మార్చే) ఆట ఉంది. రెండు పాయింట్లు, మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒకదాంట్లో అయిదు వ్యాగన్లు, మిగతా రెంటిలో మూడేసి పడతాయి. ఇంజిన్ వెనక్కి లాగే చోట ఇంజినూ మూడు వ్యాగన్లూ పడితే చాలు. మొత్తం ఎనిమిది వ్యాగన్లు. చీట్లు తీసి, వచ్చిన వరసలో అయిదింటిని జతచేసి రైలు తయారు చెయ్యాలి. 6720 రకాల వరసలు వస్తాయి, విసుగు రాదు. బాక్స్‌ఎన్ వ్యాగన్లతో హెచ్‌ఓలో అయిదున్నర అడుగుల పొడవు, ఒక అడుగు వెడల్పు పలక మీద సరిపోతుంది. టీవీ పైన అర వేసుకోండి. హాలు ఖాళీ చెయ్యండి.

మాది మచిలీపట్నం వైపు. ఇక్కడ దొరికే అమెరికన్ సరుకుతో మన స్టేషన్ అనిపించేలా చెయ్యడం సాధ్యమా?
— ఒక పాఠకుడు, డాలస్

ఎందుకు కాదూ? మన డబ్ల్యూడీఎం-2 అమెరికాలోని ఆల్కో కంపెనీ డిజైనే. మీ షాపుల్లో ఆల్కో ఇంజిన్ల మోడళ్లు చూడండి, బోగీలు (చక్రాల చట్రాలు), బానెట్టు చూడగానే చుట్టరికం తెలుస్తుంది. పైభాగం మార్చి రంగు వేసుకోవచ్చు. మచిలీపట్నం చివరి స్టేషన్ కావడం మీ అదృష్టం. ఒక పక్క స్టేషను, ఇంకో పక్క తెర వెనక రైళ్లు దాచుకునే నాలుగు లైన్లు ఉంటే చాలు. గుండ్రంగా తిప్పనక్కర్లేదు.

మనదనిపించేది ముందు పట్టాయే. అమెరికన్ పట్టాల్లో స్లీపర్లు ఒత్తుగా ఉంటాయి, హెచ్‌ఓలో 5.7 మి.మీ. దూరంలో. మన మెయిన్ లైను మీద కిలోమీటరుకు 1660 కాంక్రీటు స్లీపర్లు, 60 సెం.మీ.కొకటి. అది 7 మి.మీ. పట్టా కింద స్లీపర్లను కలిపే ప్లాస్టిక్ పుల్లలు కత్తిరించి, స్లీపర్లను జరిపి, గోధుమ రంగు పోయేలా సిమెంటు రంగు వెయ్యండి. అంతే, దూరం నుంచే మన లైను అయిపోతుంది. మన హైలెవెల్ ప్లాట్‌ఫారం పట్టా పైనుంచి 760 నుంచి 840 మి.మీ. ఎత్తు, మీకు 9 మి.మీ. పసుపు బోర్డు మీద నల్ల అక్షరాలతో పైన తెలుగు, తర్వాత హిందీ, తర్వాత ఇంగ్లిషు, కింద సముద్రమట్టం ఎత్తు. వేపచెట్టు చుట్టూ సిమెంటు గట్టు, వరసగా నీళ్ల కుళాయిలు, చివరి పెట్టె వెనక ‘ఎల్‌వీ’ బోర్డు. మనుషులు 2 సెంటీమీటర్లు ఉంటారు. అమెరికన్ బొమ్మలకు టోపీలు గీకేసి, పురుషుల ప్యాంట్ల మీద తెల్ల రంగు పూసి పుట్టీతో కుచ్చిళ్లు దిద్దితే పంచెలవుతాయి. టిష్యూ కాగితం జిగురులో ముంచి చుడితే చీరలు.

రెండు నెలలు మా అమ్మాయి దగ్గరకు వెళుతున్నాం. లేఅవుట్‌ను ఏం చేసి వెళ్లాలి?
— ఒక పాఠకుడు, ఏలూరు

ఇంజిన్లు పట్టాల మీద వదలకండి, డబ్బాల్లో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. లేఅవుట్ మీద పాత నూలు దుప్పటి కప్పండి, ప్లాస్టిక్ షీటు కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది. ప్లగ్గులన్నీ పీకండి. బల్ల కిందికి వైర్లు వెళ్లే గోడ కన్నాలను ఎం-సీల్‌తో మూసెయ్యండి, ఎలుకలకు వైరు తొడుగు అంటే ఇష్టం. తిరిగొచ్చాక పట్టాలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో తుడిచి, చక్రాలు కూడా తుడిచి, పెట్టెలు తగిలించకుండా ఒట్టి ఇంజిన్‌ను పది నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. ఇసుక కాగితంతో పట్టాల పైభాగం రుద్దకండి, ఆ గీతల్లోనే మురికి చేరుతుంది.